సీఎస్‌ఈ, ఐటీ, ఏఐఎంఎల్, ఈసీఈ: ఆప్షన్లు పెట్టే ముందు తేల్చుకోవలసినవి

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మీ అమ్మాయికి తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌లో పద్నాలుగు వేల దరిదాపుల్లో ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివార్లలో పాత, పేరున్న కళాశాలలో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ బ్రాంచి, రావచ్చు. ఓ మధ్యస్థ కళాశాలలో సీఎస్‌ఈ ఏఐఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ ప్రత్యేకత) దాదాపు ఖాయం. ఈమధ్యే పెట్టిన మరో కళాశాలలో మామూలు సీఎస్‌ఈ దొరుకుతుంది. బంధువుల్లో ఒకరు ఈసీఈకి కాలం చెల్లిందంటున్నారు, మరొకరు ఏఐ వచ్చాక కోడింగ్ ఉద్యోగాలే ఉండవంటున్నారు. ఐటీ తీసుకుంటే చులకనగా చూస్తారా, డేటా సైన్స్ మంచిదా, లాప్‌టాప్ ఏది కొనాలి అని కూడా అడిగారు. అమ్మాయికి గణితం ఇష్టం. ఇంటర్ ఫిజిక్స్‌లో విద్యుత్తు, సెమీకండక్టర్ల పాఠాలు ఇష్టంగా చదివింది. కంప్యూటర్ మీద ఇంతవరకు పెద్దగా కూర్చోలేదు.

నేను రెండు దశాబ్దాలకు పైగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. ఏటా క్యాంపస్ నియామకాల్లో ఇంటర్వ్యూలు చేస్తాను. ఒక అటానమస్ కళాశాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ తరఫు సభ్యుడిని కూడా, కాబట్టి సిలబస్ ఎలా తయారవుతుందో దగ్గరగా చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సీఎస్‌ఈ, ఐటీ, ఏఐఎంఎల్, డేటా సైన్స్ మధ్య తేడా మీరు భయపడుతున్నంత లేదు. అసలు తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, ఈ సీఎస్‌ఈ కుటుంబానికీ ఈసీఈకీ మధ్య. రెండోది, ఒక కళాశాలకూ మరో కళాశాలకూ మధ్య. జనం సీఎస్‌ఈ, ఐటీ, ఏఐఎంఎల్ పేర్ల తేడా మీద రాత్రంతా వాదించుకుని, మిగతా రెండింటినీ ఐదు నిమిషాల్లో తేల్చేస్తున్నారు. నా బాధంతా అక్కడే.

హైదరాబాద్‌లోని జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూహెచ్) సిలబస్‌లు ఎవరైనా దించుకుని చూడవచ్చు. ఉదాహరణకు 2022లో వచ్చిన ఆర్22 నిబంధనల కింద ఇచ్చిన సీఎస్‌ఈ, సీఎస్‌ఈ ఏఐఎంఎల్ ప్రణాళికలు రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. గణితం మాస్టారు కాబట్టి మీకు గంట పని. రెంటికీ 160 క్రెడిట్లే. మొదటి ఏడాది దాదాపు ఒకటే. డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, జావా, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, నెట్‌వర్క్స్ రెండు చోట్లా కనిపిస్తాయి. సెమిస్టర్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి, అంతే. మెషీన్ లెర్నింగ్, అంటే డేటా నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతి, మామూలు సీఎస్‌ఈ వాళ్లకూ ఉంటుంది. ఏఐఎంఎల్ వాళ్లకు డీప్ లెర్నింగ్, నేచురల్ లాంగ్వేజ్ ప్రాసెసింగ్ వంటి కొన్ని సబ్జెక్టులు ఎక్కువగానో ముందుగానో వస్తాయి. వాటికి చోటు చేయడానికి ఆటోమేటా సిద్ధాంతాన్నీ కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) డిజైన్‌నూ కలిపి ఒకే సబ్జెక్టుగా కుదించడం లాంటివి జరుగుతుంటాయి. ఈ కుదింపు నాకు నచ్చదు. ఏఐ మోడళ్లను జీపీయూల (గ్రాఫిక్స్ చిప్‌ల) మీద వేగంగా నడిపించే పనిలో కంపైలర్ తెలిసినవాళ్లకే గిరాకీ ఉంది, వాళ్లు దొరకడం కష్టంగా ఉంది. అయినా ఒక్క సబ్జెక్టు కోసం బ్రాంచి మార్చుకోనక్కర్లేదు. శ్రద్ధ ఉన్న పిల్లలు దాన్ని ఐఐటీలు ఉచితంగా ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల్లో విడిగా నేర్చుకోగలరు.

ఐటీ సంగతి ఇంకా తేలిక. సీఎస్‌ఈకీ ఐటీకీ ఉన్న తేడా నియామకాల్లో ఏ కంపెనీ పట్టించుకోగా నేను చూడలేదు. మంచి కళాశాలలో ఐటీ వస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ పేర్లతో ఉన్నవి కూడా ఇదే తీరు, పునాది సీఎస్‌ఈదే. కంప్యూటర్ సైన్స్ అండ్ బిజినెస్ సిస్టమ్స్ అనే బ్రాంచి సిలబస్‌ను టీసీఎస్ రూపొందించింది. అందులో ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ సబ్జెక్టులు కలుస్తాయి. బాగానే ఉంటుంది, కానీ అది చదివితే టీసీఎస్ ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఒక్క చిన్న జాగ్రత్త మాత్రం అవసరం. కౌన్సెలింగ్ జాబితాలో సీఎస్‌ఎం అనే కోడ్ ఉంటుంది, ఏఐఎం అనే కోడ్ కూడా ఉంటుంది. మొదటిది సీఎస్‌ఈలో ఏఐఎంఎల్ ప్రత్యేకత. రెండోది ఏఐఎంఎల్ పేరుతోనే విడిగా ఉన్న డిగ్రీ. ప్రైవేటు ఉద్యోగాలకు తేడా ఉండదు. ప్రభుత్వ నోటిఫికేషన్లలో మాత్రం ‘కంప్యూటర్ సైన్స్ లేదా తత్సమానం’ అని రాస్తారు. తత్సమానమని నిరూపించుకోవడానికి పత్రాలు పట్టుకుని తిరగవలసిన అవసరం రాకుండా, డిగ్రీ పేరులో కంప్యూటర్ సైన్స్ అనే మాట ఉన్నదే మేలు. ఈసీఐఎల్, బీఈఎల్, ఇస్రో లాంటి చోట్లకు వెళ్లాలనే ఆలోచన ఇంట్లో ఉంటే ఇది తప్పక చూసుకోండి.

ఏఐ పేరుతో వచ్చే డిగ్రీలన్నీ డొల్ల అని నా మాట కాదు. ఐఐటీ హైదరాబాద్ 2019లో దేశంలోనే మొదటిసారిగా ఏఐలో బీటెక్ మొదలుపెట్టింది. తక్కువ సీట్లతో, గట్టి గణితంతో, ఆ రంగంలో పరిశోధన చేసే అధ్యాపకులతో మొదలుపెట్టారు. అలాంటి చోట ఆ పేరుకు అర్థం ఉంది. నిన్నటిదాకా మెకానికల్, సివిల్ విభాగాలు నడిపి, సీట్లు నిండక వాటిని తగ్గించుకుని, ఆ గదుల్లోనే ఏఐఎంఎల్ బోర్డు పెట్టిన కళాశాలలో ఆ పేరుకు బరువు లేదు. పాఠం చెప్పేవాళ్లు రాత్రికి రాత్రి పుట్టుకురారు కదా.

ఈ రంగానికి నిజంగా ఏమి కావాలో తెలుసుకోవడానికి నమ్మకమైన ఆధారం ఒకటి ఉంది. 2024 నుంచి ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో డేటా సైన్స్ అండ్ ఏఐ అనే కొత్త పేపరు పెట్టారు. దాని సిలబస్ చూడండి: ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, క్యాల్కులస్, ఆప్టిమైజేషన్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్. ఆ తర్వాతే మెషీన్ లెర్నింగ్, ఏఐ. సగం గణితం, మిగిలిన సగంలో ఎక్కువ భాగం పాత కంప్యూటర్ సైన్సే. మీ అమ్మాయికి గణితం ఇష్టమన్నారు. ఆ ఇష్టం ప్రాబబిలిటీ, మ్యాట్రిసెస్ మీద కూడా ఉందా, లేక సూత్రం గుర్తుపెట్టుకుని జవాబు గుర్తించడం మీదేనా అని మీరే కూర్చోబెట్టి చూడండి. ఆ తేడా నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

ఇంటర్వ్యూల్లో ఏమి జరుగుతుందో ఒకటి చెబుతాను. ఏఐఎంఎల్ విద్యార్థి ఒకరు, ఒక జబ్బును ముందుగా గుర్తించే మోడల్ తయారుచేశానని, కచ్చితత్వం 98 శాతమని రెజ్యూమెలో రాశారు. ఆ డేటాలో మొత్తం ఎంతమంది, జబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది అని అడిగాను. వందకు ఇద్దరు అని చెప్పారు. అయితే కంప్యూటర్ లేకుండా నేను వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘జబ్బు లేదు’ అని చెబుతూ పోతే నా కచ్చితత్వం ఎంత అని అడిగాను. కాసేపు ఆలోచించి, 98 శాతమే అన్నారు. మరి ఆ ఇద్దరు రోగుల సంగతి? అక్కడ ఆగిపోయారు. ఉన్న రోగుల్లో ఎందరిని పట్టుకున్నామో చెప్పే రికాల్, రోగులన్నవాళ్లలో నిజంగా ఎందరు రోగులో చెప్పే ప్రెసిషన్ అనే కొలతలు సిలబస్‌లో ఉన్నాయి, పరీక్షలో రాశారు కూడా. ఆ కొలతలు ఎందుకు పుట్టాయో ఎవరూ చెప్పలేదు. అదే రోజు మామూలు ఐటీ బ్రాంచి అమ్మాయికి రెండు టేబుళ్లు ఇచ్చాను, ఒకదానిలో ఖాతాదారులు, ఇంకోదానిలో ఆర్డర్లు. ఒక్క ఆర్డరు కూడా పెట్టని ఖాతాదారుల పేర్లు తీయమన్నాను. రెండు టేబుళ్లను కలిపే లెఫ్ట్ జాయిన్‌తో రాసింది. అంతటితో ఆగకుండా, ఆర్డర్ల టేబుల్ పెద్దదైతే ఈ క్వెరీ నెమ్మదిస్తుంది, ఫలానా కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) ఉండాలి అని తనంతట తానే చెప్పింది. మేము డేటా ఇంజినీరు ఉద్యోగం ఇచ్చింది ఆ అమ్మాయికే. ఇలా టేబుళ్లలో సమాచారం దాచే రిలేషనల్ డేటాబేస్‌ల ఆలోచనను ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించింది 1970లో. అర్ధశతాబ్దం దాటినా బ్యాంకులు, రైల్వే టికెట్లు, ఆస్పత్రి బిల్లులు దాని మీదే నడుస్తున్నాయి. నేర్చుకున్నది ఇన్నేళ్లు పనికొచ్చే సబ్జెక్టులు సీఎస్‌ఈ కుటుంబంలోని అన్ని బ్రాంచిల్లోనూ ఉన్నాయి. కళాశాల వాటిని సరిగా చెబుతుందా లేదా అన్నదే చూడవలసింది.

ఇక ఉద్యోగాల విషయం. తల్లిదండ్రులు బ్రాంచి పేరునూ ఉద్యోగం పేరునూ ఒకటిగా చూస్తారు. డేటా సైన్స్ చదివితే డేటా సైంటిస్టు అవుతారని అనుకుంటారు. నిజానికి బీటెక్ పూర్తికాగానే డేటా సైంటిస్టు హోదా దొరికేది కొద్దిమందికే. ఆ ఉద్యోగాలు ఎక్కువగా ఎంటెక్, ఎంఎస్, పీహెచ్‌డీ చేసినవాళ్లకో, కొన్నేళ్లు డేటా మీద పనిచేసి పైకి వచ్చినవాళ్లకో వెళ్తాయి. బీటెక్‌తో దొరికేవి డేటా ఎనలిస్టు, డేటా ఇంజినీరు పనులు. డేటా ఇంజినీరు రోజు ఎలా గడుస్తుందో చెబితే మీకు అంచనా వస్తుంది. ఒకే మనిషి పేరు ఒక చోట ఇంటిపేరుతో, ఇంకో చోట పొట్టి అక్షరాలతో ఉంటుంది. పిన్ కోడ్‌లో ఒక అంకె తక్కువ ఉంటుంది. నిన్నటి ఫైలు రాత్రి రెండింటికి రావలసింది ఐదింటికి వస్తుంది. వీటన్నిటినీ సరిచేసి, పొద్దున్న పదికల్లా పైవాళ్లకు నమ్మదగిన లెక్క అందించాలి. ఓపిక, నిక్కచ్చితనం ఉన్నవాళ్లకు ఇది చాలా తృప్తినిచ్చే పని. మీలా గణితం చెప్పేవారి ఇంట్లో పెరిగిన పిల్లకు బాగా నప్పవచ్చు.

సాఫ్ట్‌వేర్ డెవలపర్ అంటే రోజంతా కొత్త కోడ్ రాయడమని పిల్లలు ఊహించుకుంటారు. ఎక్కువ సమయం ఇతరులు రాసిన కోడ్ చదవడానికీ, తప్పు ఎక్కడుందో వెతకడానికీ, మార్చిన చోట ఇంకేదీ చెడలేదని పరీక్షించడానికీ పోతుంది. సైబర్ సెక్యూరిటీలో మొదటి ఉద్యోగం చాలాసార్లు పర్యవేక్షణ కేంద్రంలో, వంతులవారీగా రాత్రి షిఫ్టుల్లో, తెర మీద వచ్చే హెచ్చరికల్లో ఏది నిజమైన దాడో ఏది కాదో వేరుచేయడం. నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ బాగా రాకుండా అందులో పైకి పోలేరు. సర్వర్లను, సాఫ్ట్‌వేర్‌ను నడిపే క్లౌడ్, డెవ్‌ఆప్స్ పనులకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద చేయి తిరగాలి. ఈ పనుల్లోకి ఏ బ్రాంచి నుంచైనా వస్తున్నారు. పెద్ద సాఫ్ట్‌వేర్ సేవా సంస్థలు నియామక పరీక్షకు సాధారణంగా అన్ని ఇంజినీరింగ్ బ్రాంచిలనూ అనుమతిస్తాయి. చదువులో అరవై శాతం, బ్యాక్‌లాగులు లేకపోవడం చూస్తాయి. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ప్రోడక్ట్ కంపెనీలు కొన్ని మాత్రం సీఎస్‌ఈ, ఐటీ, ఈసీఈకే పరిమితం చేస్తాయి.

ఈసీఈ గురించి కొంచెం వివరంగా రాస్తాను. మీ బంధువులు అన్న మాట నన్ను కలచివేసింది. ఈసీఈకి కాలం చెల్లలేదు. చెల్లింది ఈసీఈలో చేరి నాలుగేళ్లూ ఎలక్ట్రానిక్స్‌ను పక్కనపెట్టి, చివరి ఏడాదిలో కోడింగ్ శిక్షణకు పరుగెత్తే పద్ధతికి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్, ఎన్‌విడియా, సినాప్సిస్, క్యాడెన్స్ వంటి చిప్ రంగ సంస్థల కార్యాలయాలు ఉన్నాయి. కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. కర్మాగారాలు గుజరాత్ తదితర చోట్ల వస్తున్నా, చిప్ డిజైన్ పని మన నగరంలో ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది.

ఆ పనిలో వెరిఫికేషన్ అని ఒక పెద్ద విభాగం ఉంది. దాని అవసరం తెలియాలంటే 1994లో ఇంటెల్‌కు ఎదురైన సంగతి తెలియాలి. పెంటియం ప్రాసెసర్‌లో భాగహారం చేసే సర్క్యూట్ వాడే పట్టికలో ఐదు గడులు ఖాళీగా మిగిలిపోయాయి. దాంతో కొన్ని అరుదైన సంఖ్యల భాగహారంలో జవాబు తప్పుగా వచ్చేది. దాన్ని బయటపెట్టింది ఒక గణితశాస్త్ర ఆచార్యుడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పయితే మర్నాడు సవరించి పంపవచ్చు, సిలికాన్‌లో అచ్చయిపోయిన తప్పును సవరించలేరు. చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టవలసి వచ్చింది. అందుకే చిప్ కర్మాగారానికి వెళ్లకముందే దానిలోని ప్రతి భాగాన్నీ కంప్యూటర్‌లో నడిపి, ఏ మూల తప్పు జరగవచ్చో ఊహించి, పరీక్షలు రాసే ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో కావాలి. ఒక క్యూలోకి సమాచారం వచ్చిన క్షణంలోనే బయటకూ వెళ్తే, సరిగ్గా అప్పుడే క్యూ నిండితే ఏమవుతుంది? ఇలాంటి ప్రశ్నలే వాళ్ల రోజువారీ పని. వాళ్లు వాడేది సిస్టమ్ వెరిలాగ్ అనే భాష, అదీ ప్రోగ్రామింగే. లాజిక్ ఇష్టమై, సర్క్యూట్లు అర్థమయ్యే పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. అవకాశాల సంఖ్య మాత్రం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువ, ప్రవేశం కష్టం, చాలా కంపెనీలు ఎంటెక్ వాళ్లకు మొగ్గు చూపుతాయి. అందువల్ల ఈసీఈ తీసుకునేవాళ్లు గేట్ రాసి ఎంటెక్ వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) చేసే ఆలోచనతో ఉంటే దారి సాఫీగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు రావాలనుకున్నా తలుపు మూసుకుపోదు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ ఈ మూడూ సొంతంగా గట్టిగా చదవాలి.

బ్రాంచి జీవితాన్ని బంధించదని చెప్పడానికి అందరూ చెప్పే పేరు సత్య నాదెళ్ల. ఆయన 1988లో మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, తర్వాత అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివారు. నాకు అంతకంటే ముఖ్యమైన పేరు రాజ్ రెడ్డి గారిది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో 1958లో సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు తీసుకున్నారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు, అదీ ఏఐలో చేసిన కృషికి. అయితే ఆయన బీఈ చదివే రోజుల్లో మన దేశంలో కంప్యూటర్ డిగ్రీలే లేవు. కాబట్టి ఆయన ఉదాహరణ చూపి సివిల్‌లో చేరి ఏఐ చేయవచ్చని చెప్పను. ఆయనలా గణితం గట్టిగా ఉన్నవాళ్లు తర్వాత దారి మార్చుకోగలరని మాత్రం చెబుతాను.

ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్న జోస్యాలను మీరు పట్టించుకోవద్దు. కారణం నాలుగేళ్ల దూరం. 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కే హడావిడిలో, 1997-98 ప్రాంతంలో కంప్యూటర్ బ్రాంచిల్లో ఎగబడి చేరినవాళ్లు బయటకు వచ్చేసరికి 2001-02, డాట్‌కామ్ సంస్థలు కూలి ఉద్యోగాలు లేని కాలం. ఆ కష్టం చూసి భయపడి 2002లో సీఎస్‌ఈ వదిలేసినవాళ్లు డిగ్రీ పూర్తిచేసే నాటికి 2006, కంపెనీలు తరగతి గదుల నిండా పిల్లల్ని తీసుకుపోతున్న కాలం. 2018లో చేరినవాళ్లు 2022లో పెద్ద నియామకాల మధ్య బయటపడ్డారు. ఆ ఊపు చూసి 2021లో చేరినవాళ్లు 2025లో మందగించిన మార్కెట్‌లోకి వచ్చారు. చేరేనాటి గాలి చూసి బ్రాంచి ఎంచుకున్న వాళ్లకు దిగేనాటి గాలి వేరుగా ఉంది. మీ అమ్మాయి బయటకు వచ్చేనాటికి ఎలా ఉంటుందో చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

ఏఐ ఉద్యోగాలను మింగేస్తుందన్న భయానికి నా సమాధానం ఇది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత మా పని తీరు నిజంగానే మారింది. కొత్తగా చేరినవాళ్లకు ఇదివరకు ఇచ్చే చిన్న చిన్న పనులు, అంటే ఒక ఫారం తయారుచేయడం, ఒక నివేదికకు కోడ్ రాయడం, పరీక్షలు రాయడం, ఇప్పుడు యంత్రం చాలావరకు చేస్తోంది. కానీ అది రాసిన కోడ్ చూడడానికి బాగుండి, లోపల తప్పుగా ఉండవచ్చు. రెండు ఖాతాల మధ్య డబ్బు బదిలీ అవుతుండగా మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఆలోచించకుండా రాసిన కోడ్‌ను చూసి, ‘ఇది ట్రాన్సాక్షన్‌లో ఉండాలి’ (అంటే మొత్తం జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) అని పట్టుకోగలిగిన మనిషి కావాలి. ఆ పట్టు డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివితే వస్తుంది, ఏఐ టూల్స్ శిక్షణ వల్ల రాదు. కాబట్టి పునాది సబ్జెక్టుల విలువ పెరిగింది. అదే సమయంలో, పునాది లేకుండా ఏదో ఒక సర్టిఫికెట్‌తో మొదటి ఉద్యోగం సంపాదించే దారి సన్నబడింది. ఈ మాట పిల్లలకు తీపిగా చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు కళాశాల సంగతి. ఇక్కడే మీరు ఎక్కువ సమయం పెట్టాలి. 2024-25 నుంచి, సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, నిబంధనలు పాటించే కళాశాలలకు సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. దాంతో కొన్ని చోట్ల సీఎస్‌ఈ కుటుంబపు సీట్లు వందల సంఖ్యలో పెరిగాయి. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని నిబంధన. ఇంతమందికి సరిపడా సీఎస్‌ఈ అధ్యాపకులు ఎక్కడి నుంచి వచ్చారో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు, మీరు కట్టేది ఫీజు.

కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన కళాశాలలు తమ వివరాలను సొంత వెబ్‌సైటులో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ (వరుసలో సరిగ్గా మధ్యవారి) జీతం ఎంత, అధ్యాపకులు ఎవరు, ఎంత అనుభవం అన్నీ ఉంటాయి. కరపత్రంలో అచ్చువేసిన గరిష్ఠ ప్యాకేజీని వదిలేసి మీడియన్ చూడండి. ఉద్యోగం వచ్చినవాళ్ల సంఖ్యను పాసైనవాళ్ల సంఖ్యతో పోల్చండి. కరపత్రాల్లో ‘ఇన్ని ఆఫర్లు’ అని ఉంటుంది. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే అది మూడుగా లెక్కిస్తారు. నాణ్యతను పరిశీలించి ఇచ్చే వాటిలో ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు, న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి ఇస్తారు. ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అంటే ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు అని అడగండి. కొత్త బ్రాంచి నుంచి కొన్ని బ్యాచ్‌లు బయటకు వస్తేగానీ ఆ గుర్తింపు రాదు కాబట్టి, ఏఐఎంఎల్‌కు లేకపోయినా అదే కళాశాలలో సీఎస్‌ఈకి ఉంటే చాలు.

సెలవు లేని రోజున అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. కార్యాలయంలో కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లను కాక, క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లలను పలకరించండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీకు ఎవరు చెప్పారు, సెమిస్టర్ మధ్యలో మారిపోయారా, ల్యాబ్‌లో ప్రోగ్రాం మీరే రాస్తారా లేక రికార్డులోకి ఎక్కించుకుంటారా అని అడగండి. ఈ మూడు జవాబులతో మీకు కళాశాల అర్థమైపోతుంది. మీరు బడిలో ఉన్నవారు, పిల్లల మొహం చూసి పట్టేయగలరు.

అమెరికా ఆలోచన ఉంటే రెండు ముక్కలు. సీఎస్‌ఈ, ఏఐఎంఎల్, ఐటీ ఏది చదివినా ఎంఎస్ దరఖాస్తుకు తేడా ఉండదు. ఈసీఈ నుంచి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు వెళ్తే కొన్ని విశ్వవిద్యాలయాలు ముందు డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి కోర్సులు పూర్తిచేయమంటాయి. చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీవారికి మూడేళ్ల వరకు పనిచేసే వీలుంది. అయితే 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. నిబంధనలు ఇలా మారుతున్నప్పుడు, ఇంటిని తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపే లెక్కతో ఇప్పుడు బ్రాంచి ఎంచుకోవద్దు.

మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఆ డబ్బుతో పోలిస్తే ర్యాంకును బట్టి కన్వీనర్ కోటాలో వచ్చే ఏ మంచి కళాశాల సీటైనా మేలు. ఇంజినీరింగే చదవాలని కూడా లేదు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చేసి, తర్వాత రెండేళ్ల ఎంసీఏ లేదా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసినవాళ్లు డేటా ఉద్యోగాల్లో చక్కగా రాణిస్తున్నారు. బీటెక్‌తో పాటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో ఇచ్చే డేటా సైన్స్ బీఎస్ కూడా చేయవచ్చు. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022 నుంచి యూజీసీ అనుమతి ఉంది. కానీ మొదటి ఏడాది గడిచాకే ఆ ఆలోచన చేయండి, రెండు పడవల భారం అందరూ మోయలేరు.

మీ అమ్మాయి విషయంలో నేనైతే ఆప్షన్లు ఇలా పెడతాను. పాత కళాశాలలో సీఎస్‌ఈ, ఐటీ, సీఎస్‌ఎం, డేటా సైన్స్ అన్నీ పైన పెట్టండి, రావని అనిపించినా సరే. పైన పెట్టినంత మాత్రాన కింది ఆప్షన్‌కు నష్టం ఉండదు. వాటి తర్వాత అదే కళాశాలలో ఈసీఈ. ఆ తర్వాత మధ్యస్థ కళాశాలలో సీఎస్‌ఈ, ఐటీ, ఏఐఎంఎల్ వరుసగా. కొత్త కళాశాలను నేనైతే పెట్టను. కేవలం మామూలు సీఎస్‌ఈ అన్న పేరు కోసం, ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటకు రాని చోట నాలుగేళ్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఈసీఈని ఏఐఎంఎల్ కన్నా పైన పెట్టడం అమ్మాయి ఇష్టాన్ని బట్టి మారవచ్చు. ఆప్షన్ల గడువుకు ముందు రెండు వారాలు ఉంటే, పైథాన్ పాఠాలు రోజుకు గంట, లాజిక్ గేట్లతో సర్క్యూట్లు కట్టే ఉచిత సిమ్యులేటర్ రోజుకు గంట ఇవ్వండి. ఎవరూ చెప్పకుండా ఏ పనికి మళ్లీ కూర్చుంటుందో చూడండి. పైథాన్‌లో తప్పు వస్తే విసుక్కుని లేచిపోతుందా, లేక భోజనానికి పిలిచినా రాకుండా వెతుకుతుందా? సాఫ్ట్‌వేర్ పనికి అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. చేరిన తర్వాత మనసు మారితే, కన్వీనర్ నిర్వహించే అంతర్గత స్లైడింగ్‌లో అదే కళాశాలలో ఖాళీ ఉన్న బ్రాంచికి మారే వీలుంటుంది. ఆ తేదీల ప్రకటన కోసం కౌన్సెలింగ్ వెబ్‌సైటు చూస్తూ ఉండండి.

లాప్‌టాప్ ఇప్పుడే కొనవద్దు. మొదటి సెమిస్టర్‌కు కళాశాల ల్యాబ్ చాలు. కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే నాలుగేళ్లు నడుస్తుంది. ఏఐ చదవాలంటే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉండాలని దుకాణంలో చెబుతారు. విద్యార్థి స్థాయి మోడళ్లకు గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా జీపీయూ దొరుకుతుంది. కాబట్టి గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే డబ్బు మిగుల్చుకోండి, హాస్టల్‌లో ఇంటర్నెట్ సరిగా ఉందో లేదో మాత్రం చేరకముందే కనుక్కోండి.